జూలై ఫోర్త్ పాటలకు సంగీతం ఎవరిది?

ఆ రోజుల్లో మైకు పట్టుకున్న తెలుగువాళ్ళందరికీ ఒక నియమం ఉండేది. పాట ఎత్తుకునే ముందు రచన ఎవరిది, సంగీతం ఎవరిది, పాడుతున్నది ఎవరు అన్న మూడు ముక్కలూ చెప్పి తీరాలి. రేడియో మోగే ఇళ్ళలో పెరిగినవాళ్ళం కనక అవి చెప్పకపోతే అన్నం వడ్డించి కూర మరిచిపోయినట్టుండేది. కాలేజీలో యాంకరింగ్ వెలగబెట్టినదాన్ని కనక నాకు ఆ పిచ్చి మరికాస్త ఎక్కువ. మాస్టర్స్ ముగించి, అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో కూర్చుని, నన్ను వద్దన్న కంపెనీలకు కూడా థాంక్స్ చెబుతూ మెయిళ్ళు రాసుకునే రోజుల్లో ఆ పిచ్చే నా కొంప ముంచబోయింది.

పక్క ఊరు ఫ్రిస్కోలో మాకు తెలిసిన ఒక అంకుల్ ఉండేవారు. కనిపించినవాళ్ళకల్లా శాలువా కప్పేస్తారు కనక ఆయన్ని శాలువా అంకుల్ అనేవాళ్ళం (ఆయన కారు డిక్కీలో స్పేర్ టైరు ఉండేదో లేదో గానీ శాలువాలు మాత్రం తప్పకుండా ఉండేవి). ఒక మంచి కంపెనీలో మేనేజరు. ఆ ఏడు జూలై ఫోర్త్‌కి, అదే అమెరికా స్వాతంత్ర్య దినానికి, మన పిల్లల చేత అమెరికా దేశభక్తి ట్యూన్లు వాయించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. నాకు ఫోన్ చేసి, "యాంకరింగ్ నువ్వు చేసెయ్యమ్మా. సిటీ కౌన్సిల్ నుంచి ఒక అమెరికన్ పెద్దాయన చీఫ్ గెస్ట్‌గా వస్తున్నారు. ప్రోగ్రామ్ స్మూత్‌గా అయిపోతే మండే పొద్దున్నే నీ రెజ్యూమె నేనే ఫార్వర్డ్ చేస్తా" అన్నారు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు నాకు ఆ నెలాఖరుతో సరి. ఉద్యోగం రాకపోతే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడమే. ఆయన అడిగింది యాంకరింగ్ కాబట్టి సరిపోయింది గానీ, తీగ మీద నడవమన్నా నడిచేదాన్ని.

సంగీతం ఎవరిదో చెప్పాలి కదా అని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మొదట జాతీయగీతం చూశాను. ఆ వరస అమెరికాది కాదట. లండన్‌లో ఒక పెద్దమనుషుల క్లబ్బులో తిని తాగి పాడుకునే పాటకి ఒక ఇంగ్లీషాయన కట్టిందట. తప్పు పేజీ తెరిచానేమో అని ఇంకోటి తెరిచాను. అదీ అదే చెప్పింది. రెండో పాట చూస్తే సాక్షాత్తూ బ్రిటిష్ రాజుగారి గీతం, మాటలే వేరు. మూడోది, సైనికులు ఛాతీ విరుచుకుని పాడేది, ఫ్రెంచి హాస్యనాటకంలో ఇద్దరు పోలీసులు పాడే పాట నుంచి వచ్చిందంటున్నారు. నేను గ్రాడ్యుయేషన్ రోజున గౌను ఎగరేసుకుంటూ నడిచిన మార్చ్ ట్యూను కూడా ఇంగ్లండ్ ఆయనదే.  తెల్లవాడితో అంత పోరాడి గెంటేసి, వాడి పాటలు అట్టే పెట్టుకున్నారా వీళ్ళు? వరంగల్ పిల్ల మా రూమ్మేట్ మాత్రం మ్యాగీ తింటూ, "గదానికే గంత పరేషాన్ ఎందుకే? మనం క్రికెట్ వాపస్ ఇచ్చినమా?" అంది.

అంకుల్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"అమెరికా ట్యూన్లని ఫ్లైయర్ ప్రింట్ అయిపోయిందమ్మా" అన్నారు నీరసంగా. "ప్యూర్ అమెరికన్ ఒక్కటీ లేదా?"

"ఒక మార్చ్ ఉందంకుల్. దాన్ని కట్టినాయన ఇక్కడే పుట్టాడు. నాన్నది పోర్చుగీసు కుటుంబం, అమ్మ జర్మనీ వైపు నుంచి వచ్చిందట."

"పుట్టింది ఇక్కడేగా? సిటిజనే. ఆయన పేరు గట్టిగా చెప్పు. మిగతావాటికి సంగీతం సంప్రదాయం అనెయ్. తెలియనివాటన్నిటికీ మనవాళ్ళు అదే అంటారు కదా."

తెలియనివాటికి అంటే సరే. తెలిసినవాటికి అనడమే కష్టం. అయినా రెజ్యూమె గుర్తొచ్చి బుద్ధిగా తలూపాను (ఫోన్‌లో).

ఆ రోజు హాలంతా ఎర్ర చీరలు, నీలం కుర్తాలు, తెల్ల పంచెలు. జాతీయగీతానికి అందరూ లేచి నిలబడ్డారు. పిల్లలు ఎత్తుకునే ముందు, "సంగీతం సంప్రదాయం" అని ఇంగ్లీషులో చెప్పాను. గండం గడిచింది. రెండో దానికీ అదే అన్నాను. ముందు వరసలో చీఫ్ గెస్ట్ చెయ్యెత్తారు. మర్యాదస్తుడు పాపం, మా కార్యక్రమం మీద శ్రద్ధ చూపిద్దామనుకున్నారు. "ఏ సంప్రదాయం, అమ్మా?" అని అడిగారు. అంకుల్ పక్క తెర చాటునుంచి రెండు చేతులూ ఊపుతున్నారు. నా నోరు నా మాట వినలేదు. "ఇంగ్లీషు వాళ్ళదండీ" అన్నాను.  "ఇదొక్కటేనా?" అన్నారాయన. "ఇందాకటిది కూడా" అన్నాను.  ఆయన జాతీయగీతానికి ఛాతీ మీద పెట్టుకునే తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకుని, "చిన్నప్పటినుంచీ నిలబడుతున్నాను, ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఆయన పక్కనున్న తెలుగు తాతగారొకరు, "మరి తరిమింది దేనికోయ్ వాళ్ళని?" అని అందరికీ వినపడేలా అడిగారు. అంకుల్ పరుగున వచ్చి పెద్దాయనకి శాలువా కప్పేశారు. కంగారులో తాతగారికీ ఇంకోటి కప్పారు.

ఇక నా అమెరికా అయిపోయిందనుకున్నాను. భోజనాల దగ్గర పులిహోర ప్లేటుతో ఒక మూల నిలబడి, అమ్మకి ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకుంటుంటే అంకుల్ వచ్చారు. తిడతారని తల వంచుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "డెవలపర్ కింద అప్లై చేస్తున్నావు గదా, అందుకే రావట్లేదు. నువ్వు టెస్టింగ్‌కి పుట్టావమ్మా. దేశమంతా బాగుందన్నదాంట్లో కూడా తప్పు పట్టుకొచ్చావు. రెజ్యూమె మార్చి పంపు" అన్నారు. పులిహోర అక్కడే వదిలేసి ఏడ్చేశాను.

అప్పటినుంచీ తప్పులు పట్టడమే నాకు తిండి పెడుతోంది. మొన్న మా అమ్మాయి స్కూల్ బ్యాండ్‌లో మొదటిసారి జాతీయగీతం వాయించింది. ట్రంపెట్లు ముందుకి ఉరికాయి, డ్రమ్ము ఎక్కడో వెనక ఉండిపోయింది, మా పిల్ల క్లారినెట్ పై స్థాయిలో కీచుమంది. నేను లేచి నిలబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, బుగ్గలు తడుపుకుంటూ విన్నాను. "ఎలా ఉందమ్మా?" అని అడిగింది. ఎన్నో ఏళ్ళ సర్వీసులో మొదటిసారి, ఒక్క తప్పు కూడా దొరకలేదన్నాను.