రాచర్ల మండలమంతా నా చుట్టాలే

ఒక మనిషి తన చదువును తన చేతులతోనే, పేజీ నంబర్లు వేసి మరీ ఎలా పాతిపెట్టుకుంటుందో తెలియాలంటే నా పీజీ ప్రాజెక్టు పేపరు సంగతి వినాలి. మీరు నవ్వుకోండి, ఏడవాల్సిందంతా నేను అప్పుడే ఏడ్చేశాను.

మాది గిద్దలూరు. కరువులో ఇంటిని నిలబెట్టేది మెట్ట సేద్యం కాదు, గొర్రెలేనని నా వాదన. రాచర్ల మండలంలో ఆటోలెక్కి, ఇల్లిల్లూ తిరిగి, మందల వెంట నడిచి రాసుకొచ్చాను. ఎవరైనా వంక పెడితే చూద్దామన్నంత ధీమా నాకు. ఈ పేపరు గట్టెక్కితేనే డిగ్రీ, ఆ డిగ్రీ ఉంటేనే మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఇస్తామన్న ఉద్యోగం. మా నాయన అప్పటికే బజారంతా చెప్పుకున్నాడు.

పరీక్షించడానికి విశాఖ నుంచి ఒక సారు వచ్చారు. నాలుగు పేజీలు తిప్పేసరికి ఆయన ముఖం మాడిపోయింది.

"ఏమిటమ్మా ఇది? 'పెద్దమ్మ చెప్పిన ప్రకారం', 'బావ లెక్క ప్రకారం', 'చిన్నాయన అభిప్రాయంలో'... చుట్టాలందర్నీ కూర్చోబెట్టి అడిగి పరిశోధన అంటావా?"

"చుట్టాలు కాదు సార్! వాళ్లెవరో కూడా నాకు తెలీదు."

"తెలియనివాడు బావ ఎలా అయ్యాడు?"

ఏం చెప్పను? మా వైపు పెద్దవాళ్లను పట్టుకుని నీ పేరేమిటని అడిగితే మర్యాద కాదు. వరస కలిపేసి మాట్లాడతాం. ఈ మహా మేధావి ఆ వరసల్నే తీసుకెళ్లి పేపర్లో ఎక్కించింది.

"కావాలంటే వాళ్లనే అడగండి సార్" అని ఒక పెద్దమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. దానికంటే బావిలో దూకినా బాగుండేది.

"అమ్మా, ఈ సునీత మీకేమవుతుంది?"

"మా బిడ్డ సార్!"

"సొంత బిడ్డేనా?"

"సొంతం గాక ఏంది సార్? మొన్న మా ఇంట్లో సంగటి తినిపోయింది. ఎట్లయినా పాస్ చెయ్యి నాయనా, నీకు పుణ్యముంటాది!"

సారు నా వైపు చూశారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రెండు చేతులూ జోడించి, "అయ్యో, నా మాట నమ్ము మామా!" అనేశాను.

ఆయన కళ్లజోడు తీసి, "నన్నూ కలిపేశావా?" అన్నారు.

పేర్లతో మళ్లీ రాసుకు రమ్మని పేపరు వెనక్కిచ్చేశారు. ఆ ఏడు డిగ్రీ రాలేదు. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. నాయన బజారుకు వెళ్లడం మానేశాడు.

అందుకని ఇదే నా భీషణ ప్రతిజ్ఞ: ఇక ఏ పేపరు రాసినా, నాకు ఏమీ కాని మనుషుల్నే అడిగి రాస్తాను. గిద్దలూరు చుట్టుపక్కల అలాంటివాళ్లు ఒక్కరు దొరికినా చెప్పండి, రేపే మొదలుపెడతాను.