పొగ రాని పొయ్యి

పక్కింటి పెరట్లో సాయంత్రం పూట స్టీలు పొయ్యి వెలిగిస్తారు. ఓక్ కట్టె వాసన నా వరండా దాకా వస్తుంది కానీ పొగ మాత్రం రాదు. ఆ వాసన తగిలితే చాలు, ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది.

డెబ్బయ్యో దశకం చివర్లో, అమెరికాలోని ఈ పిస్కాటవే ఊళ్లో, ఇదే ఇంట్లో, ఆదివారం ప్రార్థన మా హాల్లోనే జరిగేది. తెలుగు చర్చి ఇంకా లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలన్నీ కార్లలో ఇరుక్కుని వచ్చేవి. అంతమందికి సరిపడే డేగిశా కరెంటు పొయ్యి మీద నిలవదు గనక, వారమంతా ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసే మా అమ్మ పెరట్లో ఇటుకలు పేర్చి, మేపుల్ ఆకులు రాలే చలిలో కోడికూరా, గోంగూర దొరకని ఆ రోజుల్లో క్రాన్‌బెర్రీలతో పుల్లటి పప్పూ వండేది. ఆ వేడి చుట్టూ మేం పిల్లలం ముక్కులు ఎగబీల్చుకుంటూ పరుగులు తీసేవాళ్లం.

పొగ వస్తోందని పక్కింటి తెల్లాయన కంచె దగ్గరికొచ్చి చెప్పాడు. నాన్న వెంటనే పొయ్యి ఎత్తేద్దామన్నాడు.

"పొగే కదండీ ఆయన బాధ. రాకుండా చేస్తా," అంది అమ్మ.

చేసింది. పచ్చి కట్టె మానేసి, ఏడాదిపాటు ఎండిన దుంగలు గరాజ్‌లో దాచి, సన్నగా చీల్చి, తడి బెరడు మా చేత వలిపించి, ఇటుకల మధ్య గాలి పోయే సందు వదిలి, ఒక్కసారే కుక్కకుండా రెండేసి పేళ్లు పెట్టి, పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టంతో ఊదేది. పొగంటే సరిగ్గా మండని కట్టేనని, బడి మధ్యలో మానేసిన నేను చాలా ఏళ్లకు లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను.

"పొగ లేకపోతే కూర ఉడికిందని మాకెట్టా తెలిసిద్దక్కా?" అని ప్రార్థన నడిపే దానియేలు మావయ్య ఏడిపించేవాడు.

తెల్లాయన మళ్లీ వచ్చాడు. ఈసారి వాసన అన్నాడు. మీ వంట వాసన మా బట్టలకు పడుతోందన్నాడు. వాసన లేకుండా కూర వండడం ఎవరి తరం? నాన్న "సారీ సర్" అంటూ లోపలికెళ్లి, బకెట్టుతో నీళ్లు తెచ్చి మంట మీద కుమ్మరించాడు.

"ఇంకా ఉడకలేదండీ," అంది అమ్మ.

"మనం ఇక్కడ బతకాలి కదే," అన్నాడు నాన్న.

అన్నాళ్లలో ఎప్పుడూ రానంత పొగ ఆ ఒక్క బకెట్టుకే లేచి, కంచె దాటి, తెల్లాయన కిటికీల మీదికి పోయింది. దానికి ఆయన ఒక్క మాట అనలేదు.

ప్రార్థన అద్దె హాల్లోకి మారింది. అక్కడ కాగితం కప్పులో కాఫీ ఇచ్చి పంపించేవారు. ఆ తరవాత ఎవరి ఇంట్లో వాళ్లు తినేవారు. అమ్మ పోయింది, దానియేలు మావయ్య పోయాడు. డేగిశా ఇంకా నా గరాజ్‌లోనే ఉంది.

ఇప్పుడు ఆ పక్కిల్లు మన తెలుగు పిల్లలే కొనుక్కున్నారు. "రండి అంకుల్, స్మోక్ అస్సలు రాదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాం," అని ఆ అబ్బాయి పిలిస్తే మొన్న వెళ్లి కూర్చున్నాను. నిజమే, పొగ లేదు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా చక్కగా మండుతోంది.

దాని మీద గిన్నె లేదు.