ఫికర్ లేదన్న సాయిలు

పరిశోధన అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలాగని నేను చదువంటే గిట్టని మనిషినేం కాదు. తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో ఆ చదువుల మీదే బతికాను. జావా, ఒరాకిల్, డాట్‌నెట్ అంటూ గోడలు కనపడకుండా బ్యానర్లు వేలాడే రోజుల్లో, పంజాగుట్ట వైపు పోయే సందులో నాది చిన్న డీటీపీ సెంటరు. ఎంబీయే, సైకాలజీ, కామర్స్, ఏ కోర్సు పిల్లలైనా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టు నా దగ్గరే టైపు చేయించుకుని, నల్ల అట్ట వేయించి, దాని మీద బంగారు రంగు అక్షరాలు కొట్టించుకుని పోయేవారు. నేను చెప్పేది ఆ పిల్లల గురించి కాదు. నా షాపు ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్న సాయిలు గురించి.

సాయిలుది మెదక్ వైపు. బోర్లలో నీళ్లు ఆగిపోయాక భార్య భూలక్ష్మితో పట్నం వచ్చాడు. కొన్నాళ్లు ఇటుకలు మోసి, తర్వాత ఈ బండి పెట్టాడు. ఆయన చాయ్ కాస్తే ఆమె మిరపకాయ బజ్జీలు వేసేది. పక్కనే బుచ్చయ్య జామకాయల బండి, ఆ పక్కన సీతాబాయి పూలగంప. సీతాబాయికి మొగుడు లేడు, బడికి పోయే ఒక్క కొడుకున్నాడు. సందులో ఏ తగవొచ్చినా తీర్చేది సాయిలే. వాళ్లందరికీ అన్న.

ఆయనకొక పట్టుదల ఉండేది. బండి దగ్గర ఏడుపు మాట వినపడకూడదు. "పొయ్యి ముంగట ఏడ్పు మాటలొద్దమ్మా, గిరాకీ పోతది. నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది" అనేవాడు. జ్వరంతో కళ్లు ఎర్రబడి ఉన్నా ఎలా ఉన్నావని అడిగితే "మస్తు మంచిగున్న, ఫికర్ లేదు" అనడమే. "ఏమయ్యా, నీ ఇల్లు తగలబడుతున్నా చలి కాచుకుంటున్నానంటావా?" అని నేను ఎగతాళి చేస్తే నవ్వి, నా గ్లాసులో ఇంకో గుక్క పోసేవాడు.

అలాంటి మనిషి కంచంలో వడ్డించినట్టు ఎదురుగా ఉంటే మా పరిశోధకులు వదులుతారా? నా దగ్గర ప్రశ్నల కాగితాలు జిరాక్స్ తీయించుకుని, రోడ్డు దాటి, సాయిలు మీద పడేవారు. దూరం పోతే ఎండ కదా. చాయ్ పొడి బ్రాండు ఎందుకు మార్చావని ఒకడు. సెల్‌ఫోను కొన్నాక వ్యాపారం పెరిగిందా అని ఇంకొకడు. ట్రాఫిక్ మోతకి మనిషి కోపం పెరుగుతుందా అని సైకాలజీ పిల్ల. మీ పోటీదారు ఎవరు అని ఎంబీయే అబ్బాయి అడిగితే సాయిలు ఆలోచించి "ఎండకాలం" అన్నాడు. ఎండలు ముదిరితే జనం చాయ్ మానేసి చెరుకురసం దగ్గరికి పోతారు మరి.

ఆయన ఎవరినీ కాదనలేదు. బదులుగా ఒక్కటే అడిగేవాడు. "అన్ని లెక్కలైనంక ఏం తేలిందో జర చెప్పిపో బిడ్డా." అందరూ తలూపేవారు. ప్రమోద్ అని ఒక కుర్రవాడు, జనం ఒక బండి దగ్గర ఆగి పక్క బండి దగ్గర ఎందుకు ఆగరు అన్న విషయం మీద ప్రాజెక్టు చేశాడు. సాయిలుకి ఆ సంగతి నిజంగా తెలుసుకోవాలనిపించింది. నెలల తరబడి "గా పిలగాడు రాలేదా అమ్మా?" అని నన్ను అడిగాడు. ఆ పిలగాడికి బేగంపేటలో ఉద్యోగం వచ్చింది. రోజూ ఈ సందులోంచే బైకు మీద పోయేవాడు. ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆ రిపోర్టు టైపు చేసింది నేనే కాబట్టి అందులో ఏముందో చెప్పబోయాను. "నువ్వొద్దమ్మా. అడిగినోడు చెప్పాలె" అన్నాడు సాయిలు.

ఇక రాగసుధ సంగతి. ఆ పిల్ల చెడ్డదంటే నా కోపం తేలికయ్యేది. చెడ్డది కాదు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది, మధురానగర్‌లో హాస్టల్. మాట మెత్తన. సందు వెడల్పు చేయబోతున్నారని, బండ్లు తీసేయాల్సి వస్తే ఇక్కడివాళ్లు ఎలా తట్టుకుంటారో తెలుసుకోవాలని, తన రిపోర్టుని పై ఆఫీసువాళ్లు కూడా చూస్తారని చెప్పింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. వేరే చోటు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడ తేలుతుందని సాయిలుకు అర్థమయ్యేలాగే చెప్పింది.

సాయిలు పెళ్లిపెద్దలా తిరిగి అందర్నీ కూడగట్టాడు. రాగసుధకి స్టూలు వేసి, గొడుగు నీడ అటు జరిపాడు. ఆమె మొదటి ప్రశ్న అడిగింది. "ఈ వ్యాపారం లేకపోతే మీరు మరో దారి చూసుకోగలరా అంకుల్?"

"ఎందుకు చూస్కోం బిడ్డా? చేతులున్నయ్, కాళ్లున్నయ్. గీ బండి గాకుంటే ఇంకోటి. ఎట్లనన్న బతుకుతం. ఫికర్ లేదు."

ఆమె ఒక గడిలో టిక్కు పెట్టింది. బుచ్చయ్య కూడా అన్న ఏమంటే అదే అన్నాడు. సీతాబాయి వంతు వచ్చింది. ఆమె మాత్రం పూలు కట్టడం ఆపి, "గట్లెట్లమ్మా, గీ గంప లేకుంటే నా పిలగాడు..." అని సగంలోనే ఏడుపందుకుంది.

సాయిలు వెంటనే అందుకున్నాడు. "ఏయ్ సీతా, ఏందిది? ఆడపిల్ల పనిమీదొస్తే గిట్ల ఏడుస్తరా? బిడ్డ భయపడ్తది. మంచిగ చెప్పు."

సీతాబాయి కొంగుతో ముక్కు తుడుచుకుని, "మంచిగనే ఉన్నమమ్మా. బతుకుతం" అంది. రాగసుధ టిక్కు పెట్టింది. నేను షాపు మెట్ల మీద నిలబడి ఇదంతా చూశాను. సాయిలు మర్యాదకి ముచ్చటపడ్డాను కూడా.

ఆ వానాకాలం తర్వాత ఒక పొద్దున మున్సిపాలిటీ లారీ వచ్చింది. ముందు చెప్పారా అంటే, స్తంభానికి ఒక కాగితం అంటించారట. ఆ స్తంభం నిండా కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లే, అది ఎవడికి కనపడుతుంది? సాయిలు బండిని పొయ్యి మీద పాలు పొంగుతుండగానే ఎత్తారు. భూలక్ష్మి మూకుడు చేత్తో పట్టుకుని పక్కకి తప్పుకుంది. బుచ్చయ్య జామకాయలు మురిక్కాలవలో దొర్లాయి. సీతాబాయి గంప మీదుగా టైరు పోయింది. నేను రోడ్డు మీదకొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. "మేడమ్, మాకు ఆర్డర్" అని లారీ వాడు చెవి గోక్కున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మాసబ్ ట్యాంక్‌లో రోడ్డు వెడల్పు పని చూసే ఆఫీసుకి బయల్దేరాం. ఇంగ్లీషు చదువుతానని నన్ను తోడు రమ్మన్నారు. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు. వేరే చోటు చూపించే పద్ధతి ఉంటుంది కదా అని అడిగితే, ఫైలు తిప్పి, ఒక పేజీ మా వైపు జరిపాడు. "మీ సందు మీద సర్వే ఉందమ్మా. చదవండి."

చదివాను. ఆ సందులోని వీధి వ్యాపారులు మార్పుని తట్టుకునే మనోబలం అత్యధికంగా ఉన్నవారు. దాదాపు అందరూ కొత్త బతుకుదెరువు తామే వెతుక్కోగలమన్నారు. కాబట్టి ప్రత్యామ్నాయ స్థలం వీరికి తక్షణ అవసరంగా కనిపించలేదు. ఇంగ్లీషులో ఎంత అందంగా ఉందో ఆ వాక్యం! మనోబలమట. బలంగా ఉన్నాడు కాబట్టి తన్నొచ్చన్నమాట. నాకు ఆ ఫైలు చించి అక్కడే పారేయాలనిపించింది. ఏ సిద్ధాంతం ప్రకారం నవ్వుతూ చాయ్ పోసినవాడికి పొయ్యి అక్కర్లేదు? కోపం ఎంత పట్టుకున్నా అందులో అబద్ధం మాత్రం దొరకలేదు. ఆ పిల్ల విన్నదే రాసింది.

తెలుగులో చెప్పాను. బుచ్చయ్య బూతులు తిట్టాడు. సాయిలు గోడకి ఆనుకుని, "గది నేనన్న మాటే అమ్మా" అన్నాడు.

బయటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు ఆకు ముందు కూర్చుని కడుపు నిండిందని చెప్పి వచ్చావు కదయ్యా! ఎందుకలా అన్నావు?"

"ఇంటికొచ్చిన ఆడపిల్ల ముంగట ఏడుస్తమా అమ్మా?" అన్నాడు. ఆయనకి అది రోడ్డు కాదు, ఇల్లు. ఆ సంగతి ఏ ప్రశ్నాపత్రంలోనూ లేదు.

సీతాబాయి మాత్రం బస్టాపులో ఆయన ముఖం మీదే అంది. "నేను చెప్తుంటే నువ్వే నోరు మూయించినవ్." ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం మానేసింది.

సందు వెడల్పయింది. కార్లు పెట్టుకోవడానికి బాగా పనికొచ్చింది. భూలక్ష్మి మధురానగర్‌లో లేడీస్ హాస్టల్లో అంట్లు తోమే పనికి కుదిరింది. బుచ్చయ్య ఊరెళ్లిపోయాడు. సాయిలు ఇంటి దగ్గర చాయ్ కాచి, ఫ్లాస్కులో పోసుకుని ఇన్‌స్టిట్యూట్ల మెట్లెక్కి దిగేవాడు. మోకాళ్లు వాచేవి. ఎలా ఉన్నావని అడిగితే ఇదివరకు తడుముకోకుండా వచ్చే మాట ఇప్పుడు వచ్చేది కాదు. తల ఊపి పోయేవాడు. సీతాబాయి నా షాపు మెట్టు మీద కూర్చుని నాలుగు మూరలు అమ్ముకునేది. ఆమె కొడుకు బడి మానేసి జిరాక్స్ కాగితాలు మోసేవాడు. సాయిలు మెట్టు దగ్గరికొస్తే ఆమె ముఖం తిప్పుకునేది.

మరుసటి ఏడాది ఒక మధ్యాహ్నం రాగసుధ వచ్చింది. రిపోర్టులో ఏం తేలిందో చెప్పడానికి వచ్చిందనుకున్నాను. కాదు. తొలగించిన తర్వాత వ్యాపారుల మానసిక స్థితి ఎలా ఉందో చూడాలట, రెండో విడత అట. చేతిలో మళ్లీ అవే గళ్ల కాగితాలు.

"నీ మొదటి విడత వీళ్ల కొంప ముంచిందమ్మా" అన్నాను. ఫైలు సంగతంతా చెప్పాను. పిల్ల ముఖం పాలిపోయింది. "వాళ్లన్నదే రాశాను కదా ఆంటీ" అంది. "రాశావు. వచ్చి ఒక్కసారి చదివి వినిపించావా? వినిపిస్తే అప్పుడే దిద్దుకునేవాళ్లు కాదూ?" అన్నాను. 

అప్పుడే సాయిలు ఫ్లాస్కుతో పక్క ఇన్‌స్టిట్యూట్ మెట్లు దిగి వస్తున్నాడు. ఆమెను గుర్తుపట్టాడు. అలవాటు చావదు కదా, కప్పు తీసి చాయ్ పోసిచ్చాడు. "ఏం బిడ్డా, మళ్ల అడగనీకి వచ్చినవా? ముందుగాల సీతాబాయిని అడుగు" అన్నాడు.

రాగసుధ సీతాబాయి పక్కన మెట్టు మీద కూర్చుని అడిగింది. "ఇప్పుడెలా ఉన్నారమ్మా? బతుకు ఎలా గడుస్తోంది?"

సీతాబాయి ఆమె వైపు చూడలేదు. నేరుగా సాయిలు కళ్లలోకి చూస్తూ ఒక్కో మాటా కొట్టినట్టు చెప్పింది. "మస్తు మంచిగున్న. చేతులున్నయ్, కాళ్లున్నయ్. నాకేం ఫికర్ లేదు. రాస్కో."

రాగసుధ పెన్ను గడి దగ్గరికి పోయింది. అలవాటు ఆమెకీ ఉంది.

"గది రాయకు!"

ఆ అరుపు సాయిలుదని నమ్మడానికి నాకు క్షణం పట్టింది. ఇన్నేళ్లలో ఆ గొంతు పెరగడం నేను వినలేదు. ఫ్లాస్కు చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లి, లోపలి గాజు పగిలి, చాయ్ అంతా రోడ్డు మీదకి పారింది. "అబద్ధం బిడ్డా. అప్పుడు నేను చెప్పింది సుత అబద్ధం. మాకు ఫికరున్నది. మస్తు ఫికరున్నది. గది రాయి!"

"ఇందులో... అలా రాయడానికి చోటు లేదు అంకుల్" అంది రాగసుధ, ఏడుస్తూ.

నేను లోపలికెళ్లి ప్రింటర్‌లోంచి తెల్ల కాగితాలు తెచ్చి ఆమె ఒళ్లో పడేశాను. "వీటి మీద గళ్లు లేవు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయి. రాసి, వాళ్లకి చదివి వినిపించి, అప్పుడు లే."

 సీతాబాయి పూలు పక్కన పెట్టి, ఏడాది కిందట సగంలో ఆగిన చోటునుంచే మొదలుపెట్టింది. "గీ గంప లేకుంటే నా పిలగాడు బడి మానేస్తడని చెప్దామనుకున్న. మానేసిండు." ఆమె ఏడ్చింది, తిట్టింది, సాయిలును కూడా తిట్టింది. ఆయన పగిలిన గాజు ఏరుకుంటూ అక్కడే కూర్చున్నాడు. ఒక్కమాట కూడా అడ్డు చెప్పలేదు.