ఉడకని పప్పు, కొత్త బావి

1957. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు. మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. నేనక్కడ హెల్త్ ఇన్‌స్పెక్టరును. సైకిలు మీద ఊరూరా తిరిగి తాగునీటి బావుల్లో బ్లీచింగ్ పౌడర్, అంటే రోగక్రిములను చంపే పొడి, కలిపించడం నా పని. చూసిన ప్రతి బావి గురించీ డైరీలో నాలుగు ముక్కలు రాసుకునేవాణ్ణి. ఈ బావికి మూడు పేజీలు పట్టాయి.

ఒక పల్లెలో చెన్నయ్య అనే రైతు రెండు వేసవులు రాయి తొలిచి పెరట్లో బావి తవ్వించాడు. కోడలు రంగమ్మ కాపురానికి వచ్చిన వారమే జల పడింది. పిల్ల పాదం మంచిదని ఊరంతా మెచ్చుకున్నారట. నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. కందిపప్పు పంటికింద పలుకుల్లా తగిలింది. నేనేమీ అనకముందే చెన్నయ్య భార్య వెంకటమ్మ అందుకుంది.

“ఏమనుకోవద్దు సారూ. మా కోడలు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాన్నానికి గూడా ఉడకదు. రేపు పుట్టింటికి పంపిస్తన్నాం. వంట నేర్చుకోని రానీ.”

రంగమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. కళ్ళు పొగకు ఎర్రబడ్డాయో, ఏడ్చిందో తెలియలేదు. పుట్టింట్లో ఎట్లా వండేదానివమ్మా అని అడిగాను.

“ఇట్లనే సారూ. ఆడ ఎన్నపూస మాదిరి ఉడికేది.”

అక్కడ ఏ నీళ్ళని అడిగితే, వాగు ఇసుకలో చెలమ తవ్వి తెచ్చుకునేవాళ్ళమంది. బావి పడకముందు ఈ ఇంట్లోనూ వాగు నీళ్ళే. కోడలు వచ్చాక అత్త గరిటె పట్టకూడదన్నది ఆ ఇంటి మర్యాద. కొత్త బావి నీళ్ళతో వెంకటమ్మ ఒక్కనాడూ వండలేదు.

వాగు నీళ్ళు ఒక కడవ తెప్పించాను. రెండు సీసాల్లో రెండు రకాల నీళ్ళూ పోసి, సోప్ సొల్యూషన్, అంటే సబ్బు కరిగించిన నీరు, సమానంగా చుక్కలు వేసి కుదిపాను. వాగు నీళ్ళు నురగ కట్టాయి. బావి నీళ్ళలో తెల్లటి తరకలు తేలాయి. నీళ్ళకున్న ఈ గుణాన్ని మేము హార్డ్‌నెస్, అంటే కఠినత్వం, అంటాం. తర్వాత రెండు కుండల్లో ఒకే పప్పు పోసి, వెంకటమ్మనే వండమన్నాను.

“సర్కారోళ్ళు మాకు గూడా పరీక్ష పెడతారా?” అంటూనే ఆమె పొయ్యి రాజేసింది.

వాగు నీళ్ళ పప్పు గరిటెకు మెత్తగా చితికింది. బావి నీళ్ళ కుండలో గింజలు గింజలుగానే ఉన్నాయి. ఆమె ఇంకో రెండు కట్టెలు ఎగదోసి చూసింది. లాభం లేకపోయింది.

చెన్నయ్య మొహం చిన్నబోయింది. “అయితే నా బాయి మంచిది కాదంటావా సారూ?”

“బావి మంచిదే చెన్నయ్యా. నీళ్ళకు ఉన్న గుణమే అది, తాకినదాన్ని కొంత కరిగించుకుంటాయి. మట్టిలోని సారాన్ని వేరుకు అందించేదీ, తిన్నదాన్ని నెత్తుట్లో కలిపేదీ ఆ గుణమే. ఇక్కడ భూమిలోని సున్నాన్ని కరిగించుకొని వచ్చినాయి. ఆ సున్నం పప్పును మెత్తబడనీదు. తాగండి, పశువులకు పెట్టండి. పప్పుకు మాత్రం వాగు నీళ్ళు తెచ్చుకోండి.”

రోజూ ఆ వాగు నీళ్ళ కడవ తనే మోసుకొస్తానన్నాడు. పుట్టింటి ప్రయాణం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వెంకటమ్మ మెత్తటి పప్పు కుండ దించి కోడలికి కంచం పెట్టింది.

“కూసో పాపా. పొద్దుట్నుంచి ఏం తిన్లా నువ్వు.”

రంగమ్మ అన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. కన్నీళ్ళు కంచంలో పడుతుంటే అత్త పక్కన కూర్చుని ఇంకో గరిటె వేసింది.

అంతవరకూ నేను బావి యజమానినే అడిగి, రాసుకుని వచ్చేసేవాణ్ణి. రిటైరయ్యేదాకా ఆ తర్వాత చూసిన ప్రతి బావి దగ్గరా ముందు ఒక మాట అడిగాను: ఈ నీళ్ళతో వండేది ఎవరు? వాళ్ళను పిలవండి.