మూలన పసుపు బొట్టు

మొన్న ఆదివారం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంటే మా అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. నోవై అనే ఊళ్ళో ఉద్యోగం దానిది. బయట మంచు కురుస్తుంటే ఏం తోచక దగ్గర్లో ఉన్న చిన్న మ్యూజియానికి వెళ్ళిందట. ఫొటోలో గోడంత బొమ్మ, దాని పక్కన తెల్ల అట్టముక్క మీద నాలుగు పంక్తుల అక్షరాలు. కింద మెసేజ్: "అమ్మా, ఇది మన కిందింటి అంకుల్ పెయింటింగ్. అట్ట మీద నీ పసుపు ఉంది. పెయింటింగ్ మీద లేదు. ఎక్కడికి పోయింది?" కళ్ళజోడు వెతుక్కుని, ఫొటోని వేళ్ళతో లాగి పెద్దది చేసి, ఎడమవైపు కింది మూలకి తీసుకెళ్ళాను. నిజమే, లేదు. ఈనెలు తియ్యాల్సిన చిక్కుడుకాయలు ఆ పూట అలాగే ఉండిపోయాయి.

పదిహేనేళ్ళ కిందట మేం న్యూయార్కు దగ్గర పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంటు కాంప్లెక్సులో పై అంతస్తులో ఉండేవాళ్ళం. సాయంత్రం అయిదయ్యేసరికి మెట్లన్నీ పోపు వాసన కొట్టే కాంప్లెక్సు అది. మా ఆయన క్లయింటు ఆఫీసుకి వెళ్ళిపోయేవారు, పిల్ల స్కూలుకి వెళ్ళిపోయేది. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పి వచ్చినదాన్ని, మధ్యాహ్నాలు డిష్‌వాషర్‌తో వాదించుకునే స్థితికొచ్చాను. అలాంటి రోజుల్లో దొరికాడు కిందింటాయన. ఎనభై దాటిన మనిషి, భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటలన్నీ నాకు తెలుగులోనే వినిపిస్తున్నాయి కాబట్టి అలాగే రాస్తున్నాను. మా అమ్మాయి మొదటిరోజే "హాయ్ అంకుల్" అంటే, "మీ అమ్మకి అన్ననా, నాన్నకి తమ్ముడినా, ముందు అది తేల్చు" అన్నాడు. మా ఇద్దరి మధ్య తగువుకి సరిపడే సరుకు ఉందని ఆ మాటతోనే అర్థమైంది నాకు.

ఆయన యూదుడు. పోలండు వైపు చిన్న ఊళ్ళో పుట్టి, ఆరేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఓడెక్కి న్యూయార్కు వచ్చాడు. తండ్రి దుకాణాల బోర్డులు రాసేవాడు. తండ్రి గీసిన అక్షరాల్లో రంగు నింపడంతో మొదలైంది ఆయన పని. ముప్ఫై ఏళ్ళు హైస్కూలు పిల్లలకి డ్రాయింగు చెప్పి, సాయంత్రాలూ సెలవులూ తన బొమ్మలకి ఉంచుకున్నాడు. వయసులో ఉండగా పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారట, తర్వాత మర్చిపోయారట. ఈ రెండో సంగతి ఆయన బస్సు తప్పిపోయినంత మామూలుగా చెప్పేవాడు. పాత బొమ్మల్లో బల్ల, బల్ల మీద రొట్టె, కుర్చీలో వాళ్ళమ్మ ఉండేవి. ఏళ్ళు గడిచేకొద్దీ రొట్టె పోయింది, అమ్మ లేచి వెళ్ళిపోయింది, కుర్చీ కూడా పోయింది. నేను చూసేనాటికి మిగిలింది రంగు ఒక్కటే. ఒక నీలం, దాన్ని ఒరుసుకుంటూ ఇటుకరంగు. అంతే.

"ఇందులో ఏముందండీ?" అని అడిగాను, నాకు మొహమాటం ఎక్కడిది.

"నువ్వు పంపావే తెల్లటిది, ఇడ్లీ, అందులో ఏముంది?"

"మినప్పప్పు, ఇడ్లీరవ్వ."

"అది వండేటప్పుడు. తినేటప్పుడు ఏముంది?"

అప్పటికి ఇంటికొచ్చి, మర్నాడు జవాబుతో వెళ్ళాను. జవాబు ఏమిటో ఇప్పుడు గుర్తులేదు గానీ, అలా నాలుగేళ్ళు వెళ్తూనే ఉన్నాను. ఔనౌనని తలూపేవాళ్ళని చూస్తే నిద్రొస్తుందనేవాడు. నాకూ అంతే. మా ఆయన తలూపడంలో ఘనులు, కనుక ఆ విషయంలో నా కష్టం వేరే చెప్పనక్కర్లేదు. ఆయన బొమ్మలన్నిటిలోనూ ఒకటి కనిపెట్టాను. ఎడమ కింది మూలన బెత్తెడు మేర రంగు తగలకుండా వట్టి గుడ్డ అలాగే ఉండేది. "ఇది పూర్తి కాలేదా?" అంటే "అయింది" అనేవాడు. పెద్దతనం, వంగలేక వదిలేస్తున్నాడని తీర్మానించుకున్నాను. తీర్మానాలకి నేను ఆట్టే సమయం తీసుకోను.

ఒక మార్చిలో ఆయన ఇంట్లో వంటింటి పైపు పగిలి కార్పెట్టంతా తడిసిపోయింది. అది మార్చేదాకా బొమ్మల్ని ఎక్కడైనా పొడిగా ఉంచాలి. మూడు వారాల్లో ఎగ్జిబిషను. ఇరవై ఏళ్ళ తర్వాత న్యూయార్కులో ఒక గ్యాలరీవాళ్ళు ఆయన్ని గుర్తుచేసుకున్నారు. మా హాల్లో పెట్టండని నేనే అన్నాను. మా ఆయన ఆరు బొమ్మలు మోసుకొచ్చారు. అయిదు కాగితంలో చుట్టినవి. ఆరోది అన్నిటికంటే పెద్దది, ఆ ఏడాదే వేసింది, రంగు ఇంకా పచ్చిగా ఉందని చుట్టలేదు.

కొత్త వస్తువు గడప దాటి లోపలికొస్తే బొట్టు పెట్టకుండా ఉండటం నాకు చేతకాదు. ఫ్రిజ్జుకి పెట్టాను, టయోటా కారుకి పెట్టాను, పిల్ల లెక్కల పుస్తకానికి పెట్టాను. కాగితం చుట్టిన అయిదింటికీ కాగితం మీదే పెట్టేశాను. పెద్దదాని దగ్గర ఆగాను. రంగు మీద పెడితే పాడవుతుందన్న ఇంగితం నాకుంది. మూలన చూస్తే బెత్తెడు ఖాళీ, కావాలని చోటు వదిలిపెట్టినట్టే ఉంది. మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొమ్ముల పసుపు తడిపి గుండ్రంగా అద్ది, మధ్యన ఆ పసుపుతోనే చేసిన కుంకుమ పెట్టి, పెద్దాయన ఎగ్జిబిషను బాగా జరగాలని దణ్ణం కూడా పెట్టుకున్నాను.

పదిరోజులకి ఆయన పైకి వచ్చాడు. పెద్ద బొమ్మ దగ్గరికెళ్ళి, కింది మూల దాకా వంగి చూశాడు.

"ఏమిటిది?"

"బొట్టండీ. శుభం."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండువేల ఏళ్ళ కిందట వాళ్ళ గుడి కాలిపోయిందనీ, అది మర్చిపోకూడదని పాతకాలపువాళ్ళు కొత్త ఇంటికి సున్నం వేసేటప్పుడు గుమ్మానికి ఎదురుగోడ మీద కొంత చోటు వదిలేస్తారనీ చెప్పాడు. ఎంత అంటే, మోచేతి నుంచి వేలికొస వరకూ చూపించాడు. "మూరెడు" అన్నాను, పూలమ్మితో బేరమాడే అలవాటుకొద్దీ. వాళ్ళమ్మ బ్రూక్లిన్‌లో అద్దింట్లో కూడా ఆ చోటు వదిలించి, ఇంటాయనతో పోట్లాడిందట. తర్వాత యుద్ధం వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ ఊరినుంచి ఉత్తరాలు రావడం మానేశాయి. అమ్మ ఏమీ చెప్పలేదు, ఆ గోడ వైపు తిరిగి కూర్చునేది. "దేవుడితో నాకు మాటల్లేవు" అన్నాడాయన. "మా అమ్మతో ఉన్నాయి. అరవై ఏళ్ళుగా ఆ చోటు ఖాళీగా ఉంచుతున్నాను. నీకు రెండు నిమిషాలు పట్టింది."

అప్పుడు నేను ఒక్కమాట అనాల్సింది. మనవాళ్ళకీ తెలిసిన చిన్న ఇంగ్లీషు మాట. నేనేం అన్నానంటే, "ముందే చెప్పి ఉండాల్సింది కదా".

"ఖాళీగా ఉన్నదానికి ఖాళీ అని బోర్డు రాయాలా? మా నాన్న ఉంటే రాసేవాడు."

సబ్బునీళ్ళతో తుడుస్తానన్నాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని కాలేజీలో పిల్లలకి చేసి చూపించినదాన్నే, అయినా నోటికొచ్చింది అనేశాను. "ముట్టుకోకు" అన్నాడు. పైన తెల్లరంగు వేసెయ్యండన్నాను. "తెల్లరంగు ఖాళీ కాదు" అని, కుర్చీ ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ సాయంత్రం తలూపకుండా, "వెళ్ళి సారీ చెప్పు" అన్నారు. మంచి మనసుతో చేసినదానికి సారీ ఏమిటని వారితోనూ వాదించాను.

మర్నాడు బొమ్మలు కిందకి వెళ్ళిపోయాయి. ఉత్తరాల డబ్బాల దగ్గర ఎదురుపడితే ఆయన తన ఉత్తరాలు తాను చూసుకునేవాడు. నాతో వాదించడానికి ఆ ఊళ్ళో ఉన్న ఒక్క మనిషి మాట మానేస్తే మధ్యాహ్నాలు ఎంత పొడుగవుతాయో అప్పుడు తెలిసింది. నేను పంపిన వంటలన్నిటికంటే పులిహోర ఇష్టంగా తినేవాడని, చేసి పిల్లచేత పంపించాను. డబ్బా మూత తియ్యకుండా వెనక్కొచ్చింది.

"ఏమన్నాడు?"

"పసుపు చాలు అని చెప్పమన్నారు."

అది నవ్వాలో ఏడవాలో తెలియని మాట. నేను మాత్రం ఆ పులిహోర మొత్తం నేనే తిన్నాను.

మూడో వారం తలుపు కింద నుంచి ఎగ్జిబిషను కార్డు వచ్చింది, పైన ఒక్క అక్షరం రాయకుండా. న్యూయార్కు వెళ్ళి, పార్కింగు కోసం ముప్పావుగంట తిరిగి, నేను పట్టుచీరతో ఆ నల్లబట్టల జనంలోకి వెళ్ళాను. పెద్ద బొమ్మ ఎదురుగోడ మీదే ఉంది. మూలన నా బొట్టు అలాగే ఉంది, పసుపు చుట్టూ పలచగా పాకి. పక్కన అట్టముక్క మీద ఆయన పేరు, కింద 'ఆయిల్ రంగులు, పసుపు, కుంకుమ, కాన్వాసు' అని. ఏళ్ళతరబడి మెంతిపొడి డబ్బా మీద తప్ప నా సరుకు పేరు ఎక్కడా రాసినవాళ్ళు లేరు. అట్టకి దగ్గరగా వెళ్ళి రెండోసారి చదివాను.

ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు. "పసుపురంగుల సంగతి నాకు తెలుసు. మా నాన్న బోర్డుల్లో ముందు వెలిసిపోయేవి పసుపు అక్షరాలే. దీన్ని ఒక చిన్న మ్యూజియంవాళ్ళు కొన్నారు, కిటికీకి ఎదురుగా వేలాడదియ్యమని వాళ్ళకి చెప్పాను. పది పదిహేనేళ్ళు. మళ్ళీ ఖాళీ అవుతుంది. నువ్వెలాగూ సారీ చెప్పవు, నీ బదులు వెలుతురు చెబుతుంది."

"మా పసుపు అంత తేలిగ్గా పోయే రకం కాదండీ. కొమ్ములు కొట్టించి తెచ్చింది."

"పందెమా?"

"పందెమే."

వెలుతురుకి పసుపు నిలవదని ఎమ్మెస్సీ చదివినదానికి తెలియదా. తెలిసే అన్నాను. మర్నాటి నుంచి మళ్ళీ మధ్యాహ్నాలు కిందకి వెళ్ళడం మొదలుపెట్టాను, ఆయన మళ్ళీ పులిహోర తినడం మొదలుపెట్టాడు. ఆ సారీ మాట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు. రెండు చలికాలాలు గడిచాక ఆయన పోయాడు. మేం వేరే ఊరు మారిపోయాం.

మొన్న ఫొటోలో ఆ మూల వట్టి గుడ్డ, వాళ్ళమ్మ వదిలించిన గోడలాగే. పక్కన అట్ట మాత్రం పసుపూ కుంకుమా అని ఇంకా చెబుతూనే ఉంది. ఖాళీగా ఉన్నదానికి బోర్డు రాయడమంటే ఇదే కాబోలు. మా అమ్మాయికి జవాబుగా ఒక పని చెప్పాను. "అక్కడ ఎవరూ లేనప్పుడు, బొమ్మ ముందు నిలబడి, అమ్మ సారీ చెప్పమందని చెప్పు."

"అమ్మా, నువ్వా?" అని రాసింది.

నేనే. నాతో వాదించి నెగ్గినవాళ్ళు ఇద్దరే, ఆయనా, కాలమూ. ఆయన కనీసం మాట్లాడాడు. కాలం ఒక్క మాట ఎదురు చెప్పకుండా, పదిహేనేళ్ళు కిటికీ దగ్గర కూర్చుని నెగ్గింది.