చీర మడతలో ఆధార్ కార్డు

ఓడ ఎక్కే రోజున మన పెట్టెలు మనతో రావు. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ రోజు చెన్నై రేవులో మా అక్క ముందు నేను తల వంచుకుని నిలబడే అవసరం ఉండేది కాదు. టాక్సీ దిగీ దిగగానే నీలం చొక్కాల వాళ్లు నవ్వుకుంటూ వచ్చారు. మా పెట్టెకు ఒక చీటీ కట్టి, బండి మీదకెత్తి, గోడవతలికి తోసుకుపోయారు. సాయంత్రానికి మీ గది తలుపు ముందు ఉంటుంది, నిశ్చింతగా పొండి అన్నారు. సరుకు కంటికి కనపడకుండా పోతే మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. హిందూపురంలో మాది జవళి అంగడి. లారీలో వచ్చిన బేళ్లను మా నాయన దింపేదాకా కూర్చుని చూసేవాడు, దింపాక తట్టి చూసేవాడు, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను పెట్టెను చేతులారా పంపించి, పైగా వాళ్లకు థాంక్స్ కూడా చెప్పాను.

సముద్రంలో తిప్పి తెచ్చే ఓడలో ఈ ప్రయాణం పెట్టుకున్నది అక్క కోసం. అక్కకు పెనుకొండలో గాజుల అంగడి ఉంది. బావ పోయినాక ఒక్కతే నడుపుకుంటోంది. గాజులు తొడిగేటప్పుడు చెయ్యి కదపకూడదు కాబట్టి ఆడవాళ్లు నోరు కదుపుతారు. రామేశ్వరం పోయొచ్చినవాళ్లు, పూరీ పోయొచ్చినవాళ్లు, అందరూ అక్క ముందు చెయ్యి చాపి కూర్చుని సముద్రం గురించి చెప్పినవాళ్లే. అక్క మాత్రం సముద్రాన్ని చూడలేదు. అంగడి మూస్తే కదా చూసేది! ఈసారి మేమిద్దరం, అంటే నేనూ మా ఆవిడా, పట్టుబట్టి ఒప్పించాం. ఒప్పుకున్నాక అక్క చేసిన మొదటి పని, దించిన షట్టరు మీద చాక్‌పీసుతో ఇంతింత అక్షరాలతో ‘ఓడ ఎక్కేదానికి పోయినాను, సోమవారం వస్తాను’ అని రాయడం. ఇక పెనుకొండలో తెలియనివాడు లేడు. ఓడ ఎక్కకుండా మరుసటి రోజే తిరిగిపోతే ఆ షట్టరు ఎత్తడం ఎంత కష్టమో అంగడి నడిపేవాళ్లకు వేరే చెప్పక్కరలేదు.

టిక్కెట్లు కొన్నది నేను. ఏజెంటుతో బేరమాడి, ఆడి, చివరకు అతను విసిగి నేనడిగిన ధరకే ఇచ్చాడు. ఫోన్ పెట్టేశాక గొప్పగా అక్కకు చెప్పాను. అక్క అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"గదికి కిటికీ ఉండాదా?"

"లేదక్కా. కిటికీ ఉంటే రేటు వేరే."

"సముద్రం చూసేదానికి పోతూ కిటికీ లేని గది తీసుకుంటివా!"

"పైకి పోతే చుట్టూ సముద్రమే కదక్కా. గదిలో కూడా దుడ్లిచ్చి యాల చూడల్ల?"

మా ఆవిడ తలుపు చాటుకు పోయి నవ్వుకుంది.

బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నమే పెనుకొండ చేరి, అక్క ఇంట్లో పెట్టె సర్దుకున్నాం. మరుసటి రోజు ధర్మవరంలో రైలు. ఓడలోకి ఏవి తేకూడదో మా ఆవిడ ఫోన్లో చూసి చదివింది. ఇంట్లో వండినవి వద్దు, కత్తులు వద్దు, అగ్గిపెట్టె వద్దు, కర్పూరం వద్దు, కాయలూ పండ్లూ వద్దు.

"మరి దిష్టి?" అంది అక్క.

"ఏం దిష్టి?"

"అంత పెద్ద బండి ఎక్కుతాండాము. లూనా కొన్నా కాయ కొట్టి ఎక్కుతిమి. దీనికి ఏమీ తీయకుండా ఎట్లెక్కేది?"

"అది మన బండి కాదక్కా."

"ఎక్కే పానాలు మనవే కదా!"

నేను ససేమిరా అన్నాను. అక్క గమ్మునయింది. మా వీధుల్లో ప్రతి అమావాస్యకూ అంగడి ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టకుండా షట్టరు దించరు. ఆ అలవాటులో పుట్టి పెరిగిన మనిషి అంత సులువుగా గమ్మునయిందంటే నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. నా ధ్యాస వేరే ఉంది. ఓడలో రాత్రి భోజనానికి ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని వస్తారని విన్నాను. మా మామగారిది ధర్మవరం, మగ్గాలవాళ్లంతా తెలిసినవాళ్లే. నాలుగు పట్టుచీరలు ఎక్కువ పెట్టుకుంటే, మాటల్లో మాటగా విప్పి చూపిస్తే, సముద్రం మధ్యలో పక్క అంగడికి పోయి ధర అడిగొస్తామనే వీలు ఎవరికీ ఉండదు. ఇంతకంటే మంచి గిరాకీ యాడ దొరుకుతుంది?

ఆ చీరలు సర్దుతూనే ఇంకో తెలివైన పని చేశాను. మా నాయన ధర్మవరానికి సరుకు కొనడానికి పోయేటప్పుడు డబ్బు చేతిసంచిలో పెట్టుకునేవాడు కాదు. చేతిసంచిలో చిల్లర, వక్కాకు మాత్రం. అసలుది పాత చీరల మూటలో, మధ్య మడతలో. ఆ మూటను బస్సులో కాళ్ల కింద పడేసి హాయిగా నిద్రపోయేవాడు. మా ఇంట్లో ఇప్పటికీ విలువైనదేదైనా అంతే. రైల్లో ముగ్గురికీ ఒకే టిక్కెట్టు కాబట్టి నా గుర్తింపు కార్డు ఒక్కటే చాలు. నాదీ, మా ఆవిడదీ జేబులో ఉంచుకుని, అక్క ఆధార్ కార్డును మాత్రం భద్రంగా ఒక ఎర్రంచు చీర మడతలో దోపాను. నాయన చూసుంటే భుజం తట్టేవాడు.

రేవులో కౌంటరు దగ్గరికి పోయాక అది గుర్తొచ్చింది. అక్కడ కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా నా కార్డు తీసుకుంది, మా ఆవిడది తీసుకుంది, మూడోదాని కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి అలాగే ఉంది. నా చెయ్యి జేబులో అలాగే ఉంది.

"ఏమండీ, వదిన కార్డు యాడ?" అంది మా ఆవిడ.

"పెట్టెలో ఉండాది."

"పెట్టె యాడ?"

గోడవతలి వైపు చూశాను. అక్కడ పెట్టెలు కొండలా పేరుకుని ఉన్నాయి.

అసలు కార్డు లేకుండా ఎక్కనివ్వరట. ఫోన్లో తీసిన ఫొటో పనికిరాదట. ఆన్‌లైన్లో తెరిచి చూపిస్తే పరిశీలిస్తామంది. తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే నంబరున్న ఫోను యాడుందని అక్కను అడిగాను.

"అంగట్లో ఉండాది. ఓడలో పోగొట్టుకుంటామని పెట్టేసి వస్తి."

అంటే పెనుకొండలో, ‘ఓడ ఎక్కేదానికి పోయినాను’ అన్న షట్టరు వెనక, ఆ ఫోను ఓటీపీ అందుకుని ఒంటరిగా మోగుతోందన్నమాట.

ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే మిగిలింది. "పెద్దామె, మొదటిసారి వస్తాండాది, రొంత చూడమ్మా," అన్నాను. కుదరదంది. "మేమిద్దరం పూచీ ఉంటాం," అన్నాను. కుదరదంది. అప్పుడు నేను, "సరేమ్మా, అయితే వద్దులే," అని ముగ్గురి కాగితాలూ తీసుకుని వెనక్కి తిరిగి నడిచాను. మా బజారులో గిరాకీ నాలుగు అడుగులు వేసేలోపు అంగడివాడు వెనక్కి పిలుస్తాడు. నేనే వేలసార్లు పిలిచాను. నెమ్మదిగా నడిచాను. ఇంకా నెమ్మదిగా నడిచాను. చెప్పు సర్దుకున్నట్టు వంగాను. వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "నెక్స్ట్ ప్లీజ్!"

కౌంటరు మూసే వేళ దగ్గరపడుతోంది. అక్క కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది.

"మీరిద్దరూ పోండ్రా. నేను రైలెక్కి పోతా. అంగడి తెరుచుకుంటా."

"అట్లెట్ల పోతావక్కా!"

"ఎట్లేముంది, వచ్చినట్లే. సముద్రం యాడికీ పోదులే."

తిట్టుంటే బాగుండేది. అక్క నన్ను తిట్టకుండా మాట్లాడిందంటే లోపల ఎంత కష్టపెట్టుకుందో నాకు తెలుసు. చాక్‌పీసు రాతను కొంగుతో తుడిచే మనిషి కళ్లముందు కనపడింది. మా ఆవిడ నావైపు చూడనైనా చూడలేదు.

అప్పుడే మైకులో మా గది నంబరు వినపడింది. ఆ నంబరు గదివాళ్లు వెంటనే సామాన్ల తనిఖీ దగ్గరికి రావాలట. నన్ను ఎట్టకేలకు ఎవరో వెనక్కి పిలిచారు.

తనిఖీ దగ్గర మీసాలాయన ఒకాయన టీవీ లాంటి తెర ముందు నిలబడి ఉన్నాడు. తెర మీద మా పెట్టె లోపలి బొమ్మ. దాని నడుమ, మనిషి తలకాయకంటే పెద్దదిగా, గుండ్రంగా, నల్లగా ఏదో ముద్ద.

"ఇది ఏమి సార్?" అన్నాడు తమిళం కలిసిన తెలుగులో.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె నావైపు చూసింది. అక్క పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తోంది.

"అక్కా, ఏందక్కా అది?"

"గుమ్మడికాయ."

"గుమ్మడికాయా!"

"బూడిద గుమ్మడికాయ. దిష్టికి ఇంగేం కాయ తెస్తారు?"

"పెట్టెలో జాగా యాడిదక్కా?"

"నువ్వు అమ్ముకునేదానికి దాచిపెట్టుకున్న చీరలుండాయే, అవి తీసి నా గాజుల బీరువాలో పెట్టేస్తి."

గిరాకీ పోతే పోయింది. ఆ చీరల్లో ఎర్రంచుది కూడా ఉండి ఉంటే, కార్డు కూడా పెనుకొండలోనే, ఫోనుకు తోడుగా. పెట్టె తెరవమన్నారు. తెరిచాను. పైన మా ఆవిడ బట్టలు, వాటి కింద నా చొక్కాలు, వాటి నడుమ పసిబిడ్డను చుట్టినట్టు చీరలో చుట్టిన కాయ.

"దొర్లకుండా ఒక చీర చుట్టినా," అంది అక్క. "మంచిదే చుట్టినాలే."

ఎర్రంచు! చుట్టు మీద చుట్టు విప్పాను. మూడో చుట్టులో అక్క ఆధార్ కార్డు జారి బల్ల మీద పడింది. దాని మీద కాయ బూడిద అంటుకుని ఉంది. నేను దాన్ని కళ్లకద్దుకోలేదు కానీ, అద్దుకున్నంత పని చేశాను.

"కార్డు దొరికె, సంతోషం," అన్నాడు మీసాలాయన. "కాయ మాత్రం లోపలికి పోదు."

"లోపలికొద్దప్పా," అంది అక్క వెంటనే. "వాకిట్లో పగలగొట్టి పోతా."

"ఇక్కడ పగలగొట్టకూడదమ్మా."

"కర్పూరం వెలిగించి తిప్పుతా."

"నిప్పా! అయ్యో, వద్దమ్మా."

"సరే, కర్పూరం కూడా నువ్వే ఉంచుకో. ఉత్త కాయ మూడు చుట్లు తిప్పుతా. బయటికి తీసుకపోయి నువ్వే పగలగొట్టు. మీ ఇండ్లల్లో కొట్టరా ఏం?"

ఆయన మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "ఆయుధపూజకు కొడతాం అమ్మా," అన్నాడు. "తిప్పండి. తొందరగా."

నేను నోరు తెరుచుకుని చూశాను. అక్కకు మొదటి నుంచీ కావలసింది మూడు చుట్లే. అయినా వాకిట్లో పగలగొట్టడం దగ్గర మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా దిగి, ఆయనే గెలిచాననుకునేటట్టు చేసింది. అద్దాల గోడ వెనక ఓడ తెల్లగా, ఐదారు కల్యాణమంటపాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు నిలబడి ఉంది. దానివైపు తిరిగి అక్క కాయను మూడుసార్లు తిప్పింది. వరుసలో ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు. ఒక ముసలి జంట చెప్పులు విడిచి దండం పెట్టుకుని, తమకు కూడా తిప్పమన్నారు.

కౌంటరు మూయకముందే పరుగెత్తాం. ఆ అమ్మాయి కార్డును అటూ ఇటూ తిప్పి, బూడిద తుడిచి, కెమెరా వైపు చూసి నవ్వమంది.

"ఆధార్‌కు నవ్వొద్దంటిరి, ఈడ నవ్వమంటారు," అంది అక్క. అయినా బాగా నవ్వింది.

ఓడ ఎక్కిన రోజున అన్నీ చూపిస్తారు, సముద్రం తప్ప. నాలుగు వైపులా మూసిన వంతెన మీద నడిపించారు. అక్క కుడికాలు పెట్టి లోపలికి అడుగుపెట్టి, "సముద్రం యాడరా?" అంది. తివాచీలు, దీపాల గుత్తులు, గాజు లిఫ్టులు చూపించారు. "పెండ్లి మంటపం మాదిరి ఉండాది. సముద్రం యాడ?" అంది. గదులు ఇంకా తయారు కాలేదని భోజనాలకు తోలారు. ఎంత తిన్నా అడిగేవాడు లేడు. ఇచ్చినదానికి తగ్గట్టు తినాలని నేను పూనుకుని మూడో పళ్లేనికి ఓడిపోయాను. అంతలో గంటలు మోగించి, అందరినీ వరుసల్లో నిలబెట్టి, ఓడ మునిగితే నారింజ రంగు జాకెట్టు ఎట్లా తొడుక్కోవాలో నేర్పించారు.

"చూస్తివా," అని అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "మునిగేది వీళ్లకీ తెలుసు. నువ్వేమో కాయ వద్దంటివి."

సాయంత్రం ఓడ కదులుతోందంటే అందరం పైకి పోయాం. జనమంతా ముందువైపు కమ్మీల దగ్గర మూగితే, అక్క వెనకవైపు నిలబడి రేవును చూస్తోంది.

"సముద్రం అటుండాది వదినా," అంది మా ఆవిడ.

"ఉండనీ. ఆ మీసాలాయప్ప కాయ పగలగొట్టినాడో, సాంబారుకు ఇంటికి తీసుకపోయినాడో చూస్తాండా."

రేవులో మనుషులు చీమలంతయ్యారు. ఇక ఏమీ కనపడదని తేలాక అక్క ఇటు తిరిగింది. తిరిగి, కమ్మీ పట్టుకుని నిలబడింది. గాలికి గాజులు గలగలమంటున్నాయి. చెయ్యి మాత్రం కదపలేదు, ఎవరో తొడుగుతున్నట్టు. నేను పక్కన నిలబడి, ఏదో ఒకటి అంటుందని, ఇంతేనా అంటుందని భయపడుతూ కాచుకున్నాను.

"తక్కువ చెప్పినార్రా," అంది చాలాసేపటికి.

"ఎవరక్కా?"

"గాజులు తొడిగించుకున్న వాళ్లంతా. అందరూ తక్కువ చేసి చెప్పినార్రా నాకు."

చీకటి పడుతోంది. పెట్టె వచ్చేసి ఉంటుంది, గదికి పోదామా అన్నాను.

"కిటికీ లేని గదికి నువ్వు పో," అంది అక్క, సముద్రం మీది నుంచి చూపు తిప్పకుండా.