నిన్నటి చేపల పులుసు

రిటైరయ్యాక నాకు చరిత్ర మీద ప్రేమ పుట్టిందని మా ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నెలకోసారి గుడివాడలో బస్సెక్కి, పెడన మీదుగా బందరు వెళ్తాను. బుద్ధి పుడితే మధ్యలో దిగి కలంకారీ అచ్చులు చూస్తాను. బందరులో కోట దగ్గర కూలిన గోడలూ, డచ్చివాళ్ళ సమాధులూ చూస్తాను. ఆ రాళ్ళ మీద ఏం రాసుందో నాకు తెలీదు. నేను చదివిందీ తెలుగే, జీతం తీసుకుని చదివించిందీ తెలుగే. అయినా ప్రతి రాయి ముందూ చేతులు కట్టుకుని నిలబడి, చదివినట్టే తలాడించి వస్తాను. ఎండెక్కేసరికి చరిత్ర అయిపోతుంది. ఇంక అసలు పని, భోజనం.

కోనేరు సెంటరు వెనక సందులో చంద్రమౌళి మెస్సు ఉంది. బోర్డు మీద 'అమ్మచేతి భోజనం' అని ఉంటుంది. చంద్రమౌళివాళ్ళమ్మ ఎప్పుడో పోయింది. ఆవిడ బతికుండగా వంటింటి గుమ్మం తొక్కిన మనిషి కాదని వీధిలోవాళ్ళు చెప్పుకుంటారు. ఆ బోర్డు వెనకున్న చెయ్యి చిట్టెమ్మది. నేను రాద్దామని కూర్చుంది ఆవిడ గురించే.

చిట్టెమ్మది కోడూరు. బందరు గిలకలదిండి కోడలు. మొగుడు సీమోను బోటు మీద వేటకి వెళ్ళేవాడు. వేటకెళ్ళిన మనిషి ఎప్పుడొస్తాడో గాలికి తెలియాలి. అందుకని సాయంత్రం పులుసు కాచి, మట్టి దాక మీద మూత పెట్టి, తడి ఇసకలో కుదురుగా కూర్చోబెట్టేది. గరిటె పెట్టకూడదు. కదపాలంటే దాకని రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. తెల్లారేసరికి పులుపంతా ముక్కలోకి దిగుతుంది. చేపల పులుసు కాచిన రోజు కంటే మర్నాడు బాగుంటుందని మా వైపు పిల్లలకి కూడా తెలుసు. ఇంట్లో ఎవరంటే ఎక్కువ ఇష్టమో వాళ్ళకే నిన్నటిది దాచిపెడతారు.

బోటు తాడు తగిలి సీమోను మోకాలు పోయాక చిట్టెమ్మ మెస్సులో చేరింది. అక్కడా సాయంత్రం పులుసులోంచి ఓ చిన్న దాకలో తీసి మూలన పెట్టుకునేది. అది అమ్మకానికి కాదు. నాలాంటివాళ్ళు వెళ్తే దగ్గరికొచ్చి, "టీచరుగారూ, నిన్నటిదుందండీ" అని చెవిలో చెప్పేది. ఆ మాటతో నాకు సన్మానం చేసినట్టుండేది. రిటైరైనప్పుడు కప్పిన శాలువా కూడా అంత వెచ్చగా లేదు.

తన గురించి చిట్టెమ్మ చెప్పుకునే గొప్ప ఒక్కటే. తన చేతి కూర ఇప్పటిదాకా ఎవరూ పక్కకి నెట్టలేదని. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు, చర్చి పండక్కి పిలిచేవాళ్ళు. ఉప్పు చూడమని పక్కింటివాళ్ళు గోడ మీంచి గిన్నె అందించేవాళ్ళు.

పోయిన వేసవిలో ఓ రోజు నేను విస్తరి ముందు కూర్చున్నాక హైదరాబాదు నుంచి కారులో ఒక కుటుంబం దిగింది. కోట చూశారట, సముద్రం చూశారట, లడ్డూలు కొన్నారట. ఆ ఇంటాయన హాలంతా వినపడేలా చెబుతున్నాడు. వాళ్ళ అమ్మమ్మది అవనిగడ్డట. ఆ రుచి కోసం ఇంతదూరం వచ్చాడట. చిట్టెమ్మని బయటికి పిలిపించి అన్నాడు, "అమ్మా, హోటలు కూర మాకొద్దు. మీ ఇంట్లో మీ ఆయనకి ఏం పెడతారో అది పెట్టండి."

చిట్టెమ్మ మొహం విప్పారింది. లోపలికెళ్ళి ఆ చిన్న దాక తెచ్చింది. పండుగప్ప ముక్కలు. నాకని దాచింది, నాకు తెలుసు. ఆయన మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ వేయించుకున్నాడు. వేళ్ళు నాకుతూ భార్యతో, "ఇదే, అచ్చం ఇదే" అన్నాడు. ఆవిడ ఫోన్లో వీడియో తీస్తోంది. ఇందులో ఏం వేశారమ్మా, ఇంత రుచి ఎక్కణ్ణుంచి వచ్చిందీ అని అడిగాడు. చిట్టెమ్మ సంతోషంగా చెప్పేసింది.

"నిన్నటిదండీ బాబూ. రాత్రంతా ఊరింది కదా మరి."

ఆయన చెయ్యి ఆగిపోయింది. భార్య పిల్లాడి కంచం చటుక్కున ఇవతలికి లాగింది. "పాచి కూర పెట్టారా మాకు?" అంది. ఫోను మాత్రం దించలేదు.

చంద్రమౌళి గల్లా దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. తనకి తెలియకుండా పెట్టిందన్నాడు, ఎంగిలీ నిలవా చూసుకోని మనుషులన్నాడు. వీళ్ళకి ఇల్లేవిటో హోటలేవిటో తెలీదన్నాడు. అంతా హాలు దద్దరిల్లేలా అన్నాడు. ఆ దాక తీసుకెళ్ళి వాళ్ళు చూస్తుండగా కాలవలో పారబొయ్యమన్నాడు.

చిట్టెమ్మ దాక పట్టుకునే నిలబడింది. చంద్రమౌళికీ, పక్క బల్ల దగ్గరున్న నాకూ తప్ప వినపడనంత మెల్లగా అతన్ని అడిగింది. "బాబూ, పొద్దున దోసెల్లోకి మీరూ ఇదే తిన్నారు కదా?"

"ముందది పారబొయ్యి" అన్నాడు.

నేనూరుకోలేదు. నిన్నటి పులుసు తినని ఇల్లు ఈ జిల్లాలో ఒక్కటి చూపించు చంద్రమౌళీ అన్నాను. మీరు భోంచెయ్యండి టీచరుగారూ అని, కూర కలుపుతుండగానే నా విస్తట్లో పెరుగు వేయించాడు. ఇంక లేవమని మర్యాదగా చెప్పడం అది.

చిట్టెమ్మ పారబోసింది. ముక్కలు కాలవలో పడిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. దాక కడిగి బోర్లించి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వెనక దారిన వెళ్ళిపోయింది. మళ్ళీ రావద్దని చంద్రమౌళి మర్నాడు కబురు పంపాడు.

వీడియో బందరంతా తిరిగింది. మొదట ఆయన కళ్ళు మూసుకుని మెచ్చుకున్న ముక్క అందులో లేదు. పాచి కూర చిట్టెమ్మ అని పేరు పడింది. ఆ ఏడు చర్చి పండక్కి వేరే మనిషిని పిలిచారు. ఉప్పు చూడమని గోడ మీంచి గిన్నె రాలేదు. చిట్టెమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. రోజంతా ఐసులో చేతులు. వేళ్ళు ఉబ్బి, గోళ్ళు నల్లబడ్డాయి.

చలికాలంలో నేను మళ్ళీ ఆ సందులోకి వెళ్ళాను. మెస్సు ముందు కొత్త ఫ్లెక్సీ ఉంది. 'మా స్పెషల్: నిన్నటి చేపల పులుసు'. మట్టి దాక బొమ్మ కూడా వేయించాడు. కార్లు సందు చివరిదాకా ఆగి ఉన్నాయి. లోపలికెళ్ళి తిన్నాను. ఫ్రిజ్జులో పెట్టి, గరిటెతో కెలికి, వేడి చేసి తెచ్చారు. ముక్కేది ముల్లేది తెలీదు. ఇదేవిటయ్యా అంటే, ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారండీ, హైదరాబాదులో పెద్ద ట్రెండండీ అన్నాడు, సిగ్గు లేకుండా. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. వచ్చినవాళ్ళు రెండోసారి రావట్లేదట. చిట్టెమ్మని పిలుచుకొస్తాను, మీరొక మాట సాయం చెయ్యండి, జీతం పెంచుతానన్నాడు.

అతని బండి వెనకే ఆటోలో గిలకలదిండి వెళ్ళాను. చిట్టెమ్మ గుమ్మంలో కూర్చుని వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. చంద్రమౌళి అక్కా అని మొదలుపెట్టాడు. ఇదివరకెప్పుడూ అక్కా అనలేదు. జీతం గురించి చెప్పాడు, ఫ్లెక్సీ మీద ఫొటో కూడా వేయిస్తానన్నాడు. చిట్టెమ్మ అంతా విని నాతో మాట్లాడింది, అతనితో కాదు.

"జీతం పాతదే చాలండీ. ఫొటో వద్దు. ఆ రోజు హాల్లో అన్నాడు కదా, హాల్లోనే అనమనండి. జనం అన్నాలు తినేటప్పుడు, అంత గట్టిగానే. ఆ పొద్దున నేనూ అదే తిన్నాను, అది పాచిది కాదు అని. ఒక్క మాట."

చంద్రమౌళి నేల చూశాడు. "అలా అంటే అబద్ధాలకోరుని నేనవుతానక్కా. వ్యాపారం చేసుకునేవాణ్ణి."

"మరి నేనేమయ్యానండీ?" అని మళ్ళీ నన్నే అడిగింది.

ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత జవాబులు చెప్పించినదాన్ని. నూనె సీసా అందుకుని మూత బిగిస్తూ కూర్చున్నాను. చంద్రమౌళి బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే ఫ్లెక్సీ మీద ఎవరో ముసలావిడ ఫొటో వచ్చింది. నుదుట పెద్ద బొట్టు, చేతిలో దాక. ఎవరావిడ అంటే వీధిలో ఎవరికీ తెలీదు.

ఆ రోజు చిట్టెమ్మ నన్ను అన్నం తినకుండా కదలనివ్వలేదు. అప్పుడే దించిన పులుసు వేడివేడిగా పోసింది. ఉప్పు కాస్త ఎక్కువైంది. వేళ్ళకి తిమ్మిరి, చిటికెడెంతో తెలియట్లేదంది. నాకిది ఫరవాలేదు గానీ, రేపటికి ఓ ముక్క దాచిపెట్టు, పొద్దున్నే వచ్చి తిని వెళ్తానన్నాను. నవ్విద్దామని అన్నాను.

సీమోను మంచం మీంచి అందుకున్నాడు. "ఇంకెక్కడ దాస్తదండీ. మిగిలిందంతా ఏ పూటకా పూట పారబోస్తంది. మా ఇంట్లో ఎప్పుడన్నా పారబోసుకున్నామండీ? చెప్పండి మీరన్నా."

నేను చెప్పబోయేలోపే చిట్టెమ్మ లేచింది. దాకలో ఇంకా మూడు ముక్కలున్నాయి. రెండు చేతులా పట్టుకుని, అలవాటుగా ఒకసారి మెల్లగా తిప్పింది. పెరట్లోకెళ్ళి గోడవార వంచేసింది. కడిగి, బోర్లించి వచ్చింది.

"బస్సుకి టైమవుతున్నట్టుందండీ" అంది.